బాలికలును సమాకలనమును

ఊరగాయలను గూర్చియు, కుట్టుపనిని గూర్చియు, శిశుపోషణమును గూర్చియు సోదరీమణులు ఎన్నియో వ్యాసములు చదివియున్నారు. మేమీ మాఱు సమాకలనమును గూర్చి వ్రాయ బూనితిమి. పేరు చూచినంతనే పుట త్రిప్పివేయవలదని ప్రార్థన. ఇంటిలో ఇంటర్మీడియట్ చదువు బాలిక యున్నవారికి ఇది పరాయి విషయము కాదు. ఆ బాలిక రాత్రులు మేలుకొని భయపడుచున్నది దీనిని చూచియే.

మేము వ్రాయుటకు కారణము గణిత పాండిత్యము కాదు. మేము చదివినది ఇంటనే, తాతగారి యొద్ద; చదివినవి అమరకోశము, రఘువంశము, చిన్నయసూరి బాలవ్యాకరణము. అయినను ఉపాధ్యాయుని గృహమగుటచే ఏలూరిలోని మా యింటి యరుగుమీద సంధ్యవేళ పిల్లలు చేరుదురు. మావారు చెప్పునది వంటయింటి గడప వఱకు వినవచ్చును. పప్పు కలియబెట్టుచు విన్న చదువైనను చదువే గదా! ఏండ్లు గడచినకొలది ఈ శాస్త్రము మనకు తెలిసిన వస్తువులతోనే అల్లబడినదని మాకు స్పష్టమైనది.

ముందుగా పేరు. 1968లో తెలుగు అకాడమి యేర్పడి, ఉన్నత గణితమునకు తెలుగు పాఠ్యపుస్తకములు ప్రకటించెను. వానిలో ఇంటిగ్రేషనునకు ‘సమాకలనము’ అనియు, డిఫరెన్షియేషనునకు ‘అవకలనము’ అనియు, వెక్టారునకు ‘సదిశ’ అనియు పేళ్లు. కలనము అనగా లెక్కించుట. అన్నిటిని చక్కగా ఒకచోట చేర్చి లెక్కించుట సమాకలనము. దిశతో కూడినది సదిశ. దిశ లేక పరిమాణము మాత్రము కలది అదిశ. ఇంగ్లీషు మాధ్యమమున చదువు బాలికలకు ఈ పేళ్లు చెప్పువారు తక్కువ. సంస్కృతము కొంచెము తెలిసిన తల్లి యింటనున్నచో పేరుతోనే సగము పాఠము చెప్పగలదు. ఇంత సులువైన సాయమును మనమేల మానుకొనవలయునో మాకు తెలియదు.

అవకలనమునకును సమాకలనమునకును గల సంబంధము మాకు వ్యాకరణము మూలముననే బోధపడినది. ‘రామ’, ‘ఆలయము’ అను పదములిచ్చి సంధి చేయుమన్నచో సూత్రము తెలిసిన వారందఱు ‘రామాలయము’ అందురు. ఆలోచన యక్కఱలేదు. అవకలనము ఇట్టిది. ‘రామాలయము’ అను రూపమిచ్చి విడదీయుమన్నచో అంత సులభము కాదు. పూర్వపదము చివర నుండినది హ్రస్వమో దీర్ఘమో రూపము చెప్పదు. రాముని యాలయమో, రామ యను పేరుగల స్త్రీ యాలయమో ప్రకరణము చెప్పవలయును. సంధి జరిగినప్పుడు ఆ భేదము మాసిపోయినది. గణితములోను అంతే. ఎక్స్ వర్గమునకు అవకలనము రెండు ఎక్స్. ఎక్స్ వర్గమునకు ఏడు కలిపినను, నూఱు కలిపినను అవకలనము రెండు ఎక్సే. కలిపిన సంఖ్య మాసిపోవును. కావుననే వెనుకకు పోవునప్పుడు ‘ఏదో యొక స్థిరాంకము’ అని చివర ‘సి’ యను నక్షరము చేర్తురు. పరీక్షలలో ఈ సి విడిచి మార్కు పోగొట్టుకొను పిల్లలు కొల్లలు. వారికి ‘సి వేయుము’ అని గద్దించుటకంటె రామాలయమును జ్ఞప్తికి తెచ్చుట మేలు.

ఈ విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1150లో భాస్కరాచార్యుడు వ్రాసిన లీలావతిలో సరస్సును గూర్చిన లెక్క యొకటి కలదు. తామరమొగ్గ నీటిపై జానెడెత్తున, అనగా అర మూర, నిలిచియున్నది. గాలికి వంగి, మొదట నున్న తావునకు రెండు మూరల దూరమున నీట మునిగినది. లోతెంత? తూడు పొడవు లోతుకంటె అర మూర యెక్కువ. వంగిన తూడు కర్ణము. లోతును రెండు మూరలును భుజములు. లెక్క చేసినచో లోతు మూడుముప్పావు మూరలని తేలును. లీలావతి భాస్కరుని కూతురనియు, నీటి గడియారములో ముత్యము పడి ముహూర్తము తప్పగా ఆమె పెండ్లి నిలిచెననియు, ఆమెను ఓదార్చుటకు తండ్రి గ్రంథమునకు ఆ పేరిడెననియు ఐతిహ్యము. 1587లో ఫైజీ చేసిన పారసీకానువాదము మూలమున ఈ కథ వ్యాపించెను. మాకీ కథ యంతగా రుచింపదు. పెండ్లి తప్పినవారికే గణితమన్నట్లున్నది.

భాస్కరుడే గోళము యొక్క ఉపరితల వైశాల్యము కనుగొనుటకు దానిని ఉసిరికాయ మీది గీతలవలె నిలువు తునకలుగా భావించి, ఒక్క తునక వైశాల్యము కట్టి, అన్నిటిని కూర్చెను. పదునాఱవ శతాబ్దిని జ్యేష్ఠదేవుడు మలయాళమున వ్రాసిన యుక్తిభాషలో ఇట్లు సన్నని తునకలను కూర్చు పద్ధతికి ‘సంకలితము’ అని పేరు. న్యూటనును లైబ్నిట్జును యూరపుఖండమున ఈ శాస్త్రమును సర్వత్ర వర్తించు నియమములుగా కట్టినది అటుపిమ్మట నూఱేండ్లు దాటిన తరువాతనే.

ఇక అసలు విషయము. గత సంవత్సరము కొల్లేటి లంకలలోని యొక బాలిక మా యరుగునకు రాదొడగెను. ఏలూరిలో మేనమామ గారింట నుండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచుండెను. మొదటి యేట సదిశలలో మంచి మార్కులే వచ్చినవి. సమాకలనము ఆరంభమైన నాటి నుండి కాలేజీ పరీక్షలన్నిటిలోను తప్పుచుండెను. ఆమె పెద్దలు ఒక మాట అనుకొనిరి: ఈ లెక్కలు గట్టెక్కనిచో చదువు చాలించి, వేసవిలో నిశ్చితార్థము జరిపించుటకు. పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదను చట్టము వారెఱుగనిది కాదు. ‘మాట అనుకొని ఉంచుదాం’ అని వారి సమాధానము. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలలో 80 గణితమువే. అందుచేత ‘లెక్కలు రానిదానికి ఆ చదువేల’ అను వారి మాటకు బయటివారెవ్వరును బదులు చెప్పజాలకుండిరి.

ఆ బాలిక సూత్రములన్నియు వల్లించియుండెను. ముప్పది సూత్రములు గుక్క త్రిప్పుకొనక చెప్పెను. ‘ఇది దేనిని లెక్కించుచున్నదమ్మా’ అని యడిగినచో మాత్రము మౌనము. ఒకనాడు మావారింకను బడినుండి రాలేదు. మాటలలో ఆమె తమ యూరి చెఱువుల సంగతి చెప్పుచు, ‘అయిదో కాంటూరు మా చేపల చెఱువు గట్టు పక్కనించే పోద్ది పిన్నిగారూ’ అనెను. కాంటూరు అనగా నేమని మేమడిగితిమి. ‘నీళ్లు సముద్రమట్టానికి అయిదడుగులెత్తుకొస్తే యెంతదాకా పరుచుకుంటాయో ఆ గీటండి. మా వాళ్లందరికీ తెలుసు’ అని నవ్వెను.

కొల్లేటి వారికి తెలియకుండునా! కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న ఆ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవియు, పొలముల మురుగుకాలువలును నీరు తెచ్చును; ఉప్పుటేరొక్కటియే సముద్రమునకు కొనిపోవును. వానలకు ఉబ్బి, వేసవిని కుంచించు సరస్సగుటచే దాని హద్దు గట్టుతో కాక, నీటిమట్టముతో చెప్పుదురు. అయిదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. పదవ కాంటూరు వఱకు గల 901 చదరపు కిలోమీటర్లు 2002లో రాంసార్ జాబితాకెక్కెను. 2006లో అభయారణ్యములోని చేపల చెఱువుల గట్లు తెగగొట్టిరి. పక్షులకు చోటు కావలయును, నీరు పాఱవలయును; అది న్యాయమే. ఆ చెఱువులను నమ్ముకొన్న కుటుంబములకు ఆ గీటు జీవనపు గీటు, అదియు నిజమే. అట్టి యింట పుట్టిన పిల్లకు కాంటూరు పాఠము కాదు, ఇంటి మాట.

మేమా బాలికతో నిట్లంటిమి: అయిదవ గీటు వఱకు నీరున్నప్పుడు పఱపు 308. పదవ గీటునకు 901. ఈ రెంటి నడుమ ఎంత నీరు పట్టునో చెప్పగలవా? ఆమె అయిదును 901నిని గుణింపబోయెను. క్రింది పొరలు అంత వెడల్పు లేవు గదా యని తానే ఆగెను. అయిదుతో 308ని గుణించినచో తక్కువ వచ్చును. సరే, అడుగునకొక పలక చొప్పున అయిదు పలకలు పేర్చుమంటిమి. పఱపు సమముగా పెరుగుచున్నదని అనుకొన్నచో అడుగునకు 118.6 చొప్పున హెచ్చును. ప్రతి పలకను దాని అడుగు వెడల్పుతో లెక్కించిన మొత్తము 2,726. పై వెడల్పుతో లెక్కించిన 3,319. నిజమైనది ఈ రెంటి నడుమ నున్నది. అరడుగు పలకలైనచో ఈ రెండును దగ్గరకు జరుగును; అంగుళము పలకలైనచో మఱింత దగ్గరకు. పలక మందము సన్నగిల్లి సన్నగిల్లి పోగా రెండును కలిసికొను చోటే సమాకలనము. అప్పుడు పుస్తకమును తెఱచి, ఆమెకు కంఠస్థమైన సూత్రముతోనే చేయుమంటిమి: 308 కూడిక 118.6 హెచ్, సున్న మొదలు అయిదు వఱకు. 1,540కి 1,482.5 చేరి 3,022.5 వచ్చెను. రెండు మొత్తములకు సరిగా నడుమ! అడుగులను మీటర్లుగా మార్చినచో ఇది ఇంచుమించు 92 కోట్ల ఘనపు మీటర్లు, వార్తాపత్రికల భాషలో 32 టి.ఎం.సి.లకు కొంచెము పైన.

ఇది అంచనా మాత్రమే. పఱపు సమముగా పెరుగుననుట మన సౌకర్యమునకు చెప్పుకొన్న మాట. ఇంజనీర్లు ప్రతి గీటునకు వేఱుగా కొలిచి కూర్తురు. కాని కూర్చు విధానమిదియే. ఆ రాత్రి బాలిక యింటికి పోవునప్పుడు, ‘అయితే ఇంటిగ్రేషను అంటే పలకలేనా పిన్నిగారూ’ అని మూడుసార్లడిగెను.

ఇన్నాళ్లు సూత్రములు వినిపించిన వారెవరును ఈ పిల్లకు పలకల మాట చెప్పకపోవుట మాకు కష్టము తోచినది. ర్యాంకుల తొందరలో అర్థము చెప్పుటకు కాలము చాలదు కాబోలు.

అటుపై మావారు చెప్పిన లెక్కలలో ఒకటి మాకు మిక్కిలి ఇష్టమైనది. ప్రతి బాలికయు దీనిని ఎప్పుడో యొకప్పుడు చేయును. సైన్ ఎక్స్‌ను, సైన్ ఎక్స్ కోసైన్ ఎక్స్‌ల మొత్తముచే భాగించి, సున్న మొదలు పైలో సగము వఱకు సమాకలనము చేయవలయును. ఎదురుగా పోయినచో దారి దొరకుట కష్టము. ఉపాయ మిది: ఏలూరిలో బండియెక్కి భీమడోలు, పూళ్ల మీదుగా తాడేపల్లిగూడెమునకు పోవుచు పట్టాల ప్రక్కనున్న తాటిచెట్లను లెక్కింపుడు. తిరుగుబండిలో గూడెమునుండి వచ్చుచు మఱల లెక్కింపుడు. చెట్ల సంఖ్య మాఱునా? మాఱదు. అట్లే ఈ లెక్కను చివరి కొననుండి చేసికొని వచ్చినను విలువ మాఱదు. కాని అటునుండి చూచినప్పుడు సైను కోసైనగును, కోసైను సైనగును. పైనున్న సైను పోయి కోసైను వచ్చును. క్రింది మొత్తము మాత్రము అట్లే యుండును. ఇప్పుడు పోకను రాకను కలుపుడు. పైన సైనును కోసైనును, క్రింద సైనును కోసైనును, భాగించిన ఒకటి. ఒకటిని ఆ దూరమంతయు కూర్చినచో పైలో సగము. అది రెండు ప్రయాణముల మొత్తము గనుక, ఒక ప్రయాణమునకు పైలో నాలుగవ వంతు. ఇంత చిక్కు లెక్క యొక తిరుగు ప్రయాణముతో విడిపోయినది. ఇట్టి లెక్క చేసినప్పుడు కలుగు సంతోషము, చమత్కారమైన శ్లేష విడినప్పుడు కలుగు సంతోషమునకు తీసిపోదని మా యభిప్రాయము.

ఇదే పైలో నాలుగవ వంతు మఱియొక లెక్కకును జవాబు: ఒకటిని, ఒకటి కూడిక ఎక్స్ వర్గముచే భాగించి సున్న మొదలు ఒకటి వఱకు కూర్చినది. ఈ వక్రరేఖకు ఒక స్త్రీ పేరున్నది. మరియా గయెటానా ఆగ్నేసీ 1718లో ఇటలీలోని మిలాను నగరమున పుట్టెను. ఇంట తమ్ములకు చదువు చెప్పుచు, 1748లో అవకలన సమాకలనములను బోధించు గ్రంథమును రెండు సంపుటములుగా ప్రకటించెను. అందు ఈ రేఖను వర్ణించెను. ఇంగ్లీషులోనికి మార్చిన పండితుడు ఇటలీ మాటను పొరబడి ‘మంత్రగత్తె’ అని వ్రాయగా, నేటికిని అది ఇంగ్లీషు పుస్తకములలో ‘ఆగ్నేసీ మంత్రగత్తె’ యనియే ప్రసిద్ధము. లెక్కలు వచ్చిన స్త్రీకి దక్కిన బిరుదు చూచితిరా!

సదిశల సంగతి కొంచెము చెప్పి విరమింతుము. కొల్లేటి పిల్లకు అవి సులభముగా వచ్చుటలో వింత లేదు. ఉప్పుటేటిలో దోనె నడుపువాడు నేరుగా ఎదుటి రేవునకు గడ వేసినచో ఎదుటి రేవు చేరడు. ప్రవాహము క్రిందికి లాగును. అడ్డముగా గంటకు నాలుగు, ప్రవాహము మూడు అయినచో దోనె యైదు వేగముతో ఏటవాలుగా పోవును. నాలుగును మూడును ఏడు కాక అయిదగుట సదిశల సంకలనము. ‘వెక్టారు’, ‘స్కేలారు’ అను పేళ్లు పెట్టినవాడు హామిల్టను అను ఐర్లండు గణితజ్ఞుడు. 1843 అక్టోబరు 16న భార్యతో డబ్లినులో కాలువ గట్టున నడచుచుండగా తన కొత్త గణితపు సూత్రము తోచి, వంతెన ఱాతిమీద చెక్కెనట. ఆ యిల్లాలు అప్పుడేమనెనో చరిత్ర చెప్పదు.

సదిశలను గుణించుట రెండు విధములు. అదిశా లబ్ధములో రెండు సదిశలు ఒకదానికొకటి లంబముగా నున్నచో ఫలము సున్న. దీనిని బట్టి, నీళ్లబిందె నెత్తికెత్తుకొని సమతలమున మైలు దూరము నడచిన స్త్రీ బిందె బరువునకు వ్యతిరేకముగా చేసిన పని సున్న యని భౌతికశాస్త్రము చెప్పును! బలము నిలువునకు, నడక అడ్డమునకు. శాస్త్రము సరియే, మెడనొప్పి మాత్రము ఆ లెక్కలోనికి రాదు. సదిశా లబ్ధము తిరుగలి వంటిది. పిడి అంచున నున్నచో తేలికగా తిరుగును, నడుమకు జరిపినచో తిరుగదు. దూరమును బలమును లంబముగా నున్నప్పుడే త్రిప్పుడు మిక్కుటము. ఇక వరుస మార్చినచో గుర్తు మాఱును. తిరుగలి అటు తిరుగునది ఇటు తిరుగును. మన చేతిక్రింద అరిగిన యీ వస్తువులనే పుస్తకములు అక్షరములుగా మార్చినవి.

మన వాడైన సి. ఆర్. రావుగారు 1920లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టము పొంది, సాంఖ్యక శాస్త్రమున లోకప్రసిద్ధులై 2023లో గతించిరి. ఆ సంవత్సరమే వారికి అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము వచ్చినది. వారు తమ గ్రంథమొకదానిని తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చుచు, చిన్ననాట ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఆమె తమ్ము లేపి, నూనెదీపము వెలిగించి చదువుకొన గూర్చుండబెట్టెడిదని స్మరించిరి. అట్లు దీపము వెలిగించిన తల్లులు మన యిండ్లలో ఎందఱో. కొడుకులకు వెలిగినన్ని దీపములు కూతుండ్రకు వెలిగినవా యని మాత్రము మాకు సందేహము.

మా యరుగు బాలిక మార్చిలో పరీక్ష వ్రాసి గణితమున గట్టెక్కినది. మార్కులు మేము కోరినన్ని కావు, ఆమె భయపడినన్ని తక్కువయు కావు. నిశ్చితార్థము మాట ప్రస్తుతమునకు ఎత్తుటలేదు. మానినారో, వాయిదా వేసినారో ఇంకను తేలలేదు. తండ్రి మాత్రము ఒకనాడు తామరపూలు తెచ్చియిచ్చి, మావారితో లెక్కల మాట కాక నీళ్ల మాట ఎత్తెను: ఒండ్రు పేరుకొని కొల్లేరు పూడిపోవుచుండగా ఆ 32 టి.ఎం.సి.లు ఇప్పుడును పట్టునా యని. అడుగు మాఱినచో గీట్లును మాఱును, మఱల కొలవవలయునని మావారు చెప్పిరి. ‘కొలిచేవోళ్లు ఏం చదువుకోవాలండీ’ అని ఆయన అడిగెను. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొల్పిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వివరములు, ప్రవేశ పరీక్షల తేదీలు మావారొక కాగితముమీద వ్రాసి యిచ్చిరి. ఆయన దానిని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, బస్సు వేళ మించునని లేచెను.